రైట్ చెప్పని కండక్టర్

ముందు బండల లారీ పోతోంది.

నిలువుగా పేర్చిన నాపరాళ్లు. వాటిని బిగించి కట్టిన మోకు మీదే కమాల్ బాషా కళ్లున్నాయి. లారీ గుంటలో పడినప్పుడల్లా రాయికి రాయి తగిలి టకటకమంటోంది. ఇంజను మోతలో ఆ చప్పుడు బస్సులో ఉన్న నలభై రెండు మందికీ వినిపించదు. అతనికి వినిపిస్తోంది.

చేతులు చల్లబడ్డాయి. స్టీరింగు మీద వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. కిందికి చూసుకున్నాడు. ఉన్నాయి.

"బాషన్నా! ఆ లారీకి మనకి తాడేమన్నా కట్టినారా?" వెనకనుంచి కండక్టర్ జీవిత అరిచింది. "వాడు యాడికి పోతే ఆడికి పోతాండావు!"

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో కూర్చున్న రిటైర్డు మాస్టారు ఆనందయ్య మాత్రం నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు.

"పద్దెనిమిది నిమిషాలు లేటప్పా. నడుచుకుంటా పోయింటే ఈపాటికి జమ్మలమడుగులో కాఫీ తాగుతాంటి."

"నడిస్తే టికెట్టు దుడ్లు గూడా మిగులుతాయి సార్," అంది జీవిత. "రేపట్నించి అట్ల చేయండి."

బాషా కూడా నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుంది. పదహారేళ్ల సర్వీసు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు ఈ బస్సు అతనిదే. ఒక్క యాక్సిడెంటు లేదు. అతను లారీ వెనక దాక్కుంటున్నాడని తెలిస్తే ఆ పదహారేళ్లను ఎవరు లెక్కపెడతారు?

చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం ఉంది. ఈ రోజు పేజీలో అతని చేత్తోనే రాసుకున్న మాట ఒకటుంది.

శుక్రవారం: బండల లారీని దాటాలి.

*

నాలుగు నెలల కింద ఇదే రోడ్డు. జమ్మలమడుగు ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా ఒక మలుపు. ఆ రోజూ ముందు బండల లారీయే. దాని పక్కన మోటారు సైకిలు. మోకు తెగింది. పేక ముక్కలు జారినట్టు రాళ్లు జారాయి. బాషా బ్రేకు తొక్కాడు. బస్సు సరిగ్గా ఆగవలసిన చోటే ఆగింది. అందరూ దాన్నే మెచ్చుకున్నారు.

దిగి, ఇంకో నలుగురితో కలిసి రాళ్లు ఎత్తాడు. కింద ఉన్న కుర్రాడు బాషా చొక్కా పట్టుకున్నాడు, కాసేపటికి వదిలేశాడు. అతని టిఫిన్ క్యారియర్ దొర్లుకుంటూ వచ్చి బస్సు ముందు టైరు దగ్గర ఆగింది. మూత కూడా ఊడలేదు.

మరుసటి రోజు బాషా డ్యూటీకి వెళ్లాడు. ఆ మరుసటి రోజూ వెళ్లాడు. మూడో వారంలో ఒక బండల లారీ ఎదురొచ్చినప్పుడు గుండెను ఎవరో పిడికిట్లో పట్టి పిండినట్టయింది. చచ్చిపోతున్నాననుకున్నాడు. పోలేదు. తర్వాత ప్రతి లారీకీ అదే.

భార్య దిల్షాద్‌బీ బలవంతాన ప్రొద్దుటూరులో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈసీజీతో సహా తీయవలసిన పటాలన్నీ తీశారు. డాక్టరు వాటిని పక్కకు తోసి అడిగాడు: "ఈ మధ్య ఏదన్నా చూడరానిది చూసినారా?"

"ఏం లేదు సార్," అన్నాడు బాషా.

డాక్టరు నమ్మినట్టు లేదు. చీటీ మీద ఒక పేరు రాశాడు. జెస్సికా, థెరపిస్టు. జమ్మలమడుగు. మంగళ, శుక్రవారాలు. "గుండె బాగుంది. ఆమెతో ఒకసారి మాట్లాడండి."

బయటికి రాగానే బాషా ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి ఐడీ కార్డు వెనక దోపాడు.

"అది పిచ్చోళ్ల డాక్టరు," అన్నాడు భార్యతో.

"పిచ్చోళ్లు పోరు. తెలివి ఉన్నోళ్లే పోతారు."

"డిపోలో తెలిస్తే స్టీరింగు పీకేస్తారు. బస్సులు కడగమంటారు. నీకేం తెలుసు?"

"నువ్వు రాత్రిపూట కాలితో మంచాన్ని తంతాండావు, అది తెలుసు. బ్రేకు ఉందనుకుంటావేమో."

స్టీరింగు పోతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఇంకో డిపోలో ఎవరో డ్రైవరు నరాల మాత్రలు మింగుతున్నాడని తెలిసి ఏడాదిపాటు గేటు దగ్గర కూర్చోబెట్టారట. ఆ డ్రైవరు పేరు ఎవరికీ తెలియదు. కథ మాత్రం అందరికీ తెలుసు.

అప్పుడే ఆ పోస్టరు కంటబడింది. ఇంకెక్కడో కాదు, తన బస్సు వెనకే అంటించి ఉంది. 'భయాన్ని జయించండి! ఇరవై ఒక్క రోజుల్లో కొత్త మీరు! నవీన్ కుమార్, లైఫ్ కోచ్.' కింద ఫోన్ నంబరు. ఎన్ని రోజులుగా దాన్ని మోసుకు తిరుగుతున్నాడో.

డాక్టరు కాదు. ఆసుపత్రి కాగితం ఉండదు. మాత్రలు ఉండవు. ఎవరైనా అడిగితే ట్రైనింగు అనొచ్చు. ట్రైనింగు తీసుకున్నవాణ్ణి డిపోలో ఏమంటారు? మెచ్చుకుంటారు.

"పంటి నొప్పికి పంటి డాక్టరు దగ్గరికి పోతావు," అంది దిల్షాద్‌బీ. "భయానికి మాత్రం స్పీచులిచ్చేటోని దగ్గరికి పోతావా?"

"నాది భయం కాదు. ధైర్యం కొంచెం తగ్గింది, అంతే."

"రెంటికీ తేడా ఏందో నాకు చెప్పు, మా అమ్మకు గూడా చెప్తా."

*

నవీన్ కుమార్ ఆఫీసు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మేడ మీద ఉంది. ముప్పై అయిదేళ్ల మనిషి, నున్నగా దువ్విన జుట్టు, ఎదుటివాడి మాట చివరిదాకా వినే ఓపిక. మోసగాడిలా లేడు. ముందుగా ఒక ఫారం ఇచ్చాడు. పన్నెండు ప్రశ్నలు.

నిద్ర పట్టక ఇబ్బంది ఉందా? గుండె దడ ఉందా? ఈ ఏడాది ఏదైనా ప్రమాదం చూశారా? ఏ డాక్టరైనా మానసిక నిపుణుల దగ్గరికి పంపారా?

బాషా పెన్ను తీసుకున్నాడు. లేదు, లేదు, లేదు, లేదు. పన్నెండు లేదులూ అర నిమిషంలో పూర్తయ్యాయి.

అబద్ధం ఆడుతున్నానని కూడా అతనికి అనిపించలేదు. అది చేతికి పట్టిన అలవాటు. డ్యూటీలో చేరిన కొత్తల్లో, మొదటి మెడికల్ పరీక్షకు పోయేముందు ఒక పెద్ద డ్రైవరు చెవిలో చెప్పిన మాట: 'డాక్టరు ఏమడిగినా లేదనాల. ఉందంటే స్టీరింగు పోతాది.' పదహారేళ్లుగా ఎన్ని ఫారాలు వచ్చినా బాషా ఒకే మాట రాశాడు. ప్రొద్దుటూరులో డ్రైవర్లంతా అంతే. ఫారం చూస్తే చెయ్యి దానంతటదే లేదని రాస్తుంది.

నవీన్ కుమార్ ఫారం పైనుంచి కిందికి చూశాడు. "శానా ఆరోగ్యంగా ఉన్నారన్నా. మరి ఇబ్బంది ఏంది?"

"ముందు బండి ఉంటే దాటలేకపోతాండా. ధైర్యం చాలడంలేదు."

"అంతేనా? అయితే చిన్నగా మొదలుపెడదాం. రోజుకొకటి. ముందు ఆటో, తర్వాత ట్రాక్టరు. దాటినప్పుడల్లా ఈ పుస్తకంలో రాయండి. ఇరవై ఒకటో రోజున మీరు దేనికి ఎక్కువ జంకుతారో దాన్ని దాటండి. సరేనా?"

సరేనన్నాడు బాషా. ఆటోలు దాటాడు. ట్రాక్టర్లు దాటాడు. గడ్డి లారీని కూడా దాటాడు. పుస్తకంలో ఇరవై గీతలు పడ్డాయి. ప్రతి గీతకూ కాస్త గర్వం కూడా వచ్చింది.

ఈ రోజు ఇరవై ఒకటో రోజు.

పొద్దున డిపోలో మెకానిక్కు అబ్రార్ టైరును సుత్తితో తట్టి, బస్సు చెక్ చేసినట్టు డిపో రిజిస్టరులో సంతకం పెట్టాడు. "బ్రేకులు కొత్త పెండ్లికొడుకు మాదిరి ఉండాయి మామా. చెప్పిన మాట వింటాయి. పో."

బాషా బయలుదేరాడు.

*

మలుపు ఇంకా కిలోమీటరు ఉంది. ఇక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది. రెండు పక్కలా నల్లరేగడిలో శనగ చేలు. ఎదురుగా ఏమీ లేదు. దాటాలంటే ఇదే చోటు.

టకటక. టకటక.

'ఇప్పుడు,' అనుకున్నాడు బాషా. హారను కొట్టి, గేరు తగ్గించి, కుడి పక్కకు తీశాడు.

బస్సు లారీ వెనక చక్రాల పక్కకు వచ్చింది. సగానికి వచ్చింది. ఎడమ అద్దంలో నాపరాళ్ల అంచులు, చేతికి అందేటంత దగ్గర్లో. మోకు కదిలింది. నిజంగా కదిలిందో లేదో తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

ఎవరో చొక్కా పట్టుకున్నారు.

ఎవరూ పట్టుకోలేదు. కానీ పట్టుకున్నారు. కాలు యాక్సిలరేటరు మీద ఉంది, నొక్కడం లేదు. తీయడమూ లేదు. లారీ పక్కనే బస్సు, బస్సు పక్కనే లారీ, ఒకే వేగం. ఎదురుగా మలుపులోంచి జనాన్ని కుక్కుకున్న ఆటో ఒకటి బయటికి వచ్చింది.

"ఒరేయ్ అప్పా!" ఆనందయ్య సీటు కడ్డీ పట్టుకుని లేచాడు.

ఆటో లైట్లు వేసింది. బాషాకు లైట్లు కనబడుతున్నాయి. వాటి అర్థం మాత్రం తట్టడం లేదు.

ఈల.

చెవులు పగిలే ఈల. జీవిత ఊపిరంతా పోసి ఊదుతోంది. ఆ ఈలకు పదహారేళ్లుగా అలవాటు పడిన కాలు, మనిషితో పని లేకుండా బ్రేకు తొక్కింది. లారీ ముందుకు జారిపోయింది. బస్సు ఎడమకు కోసుకొచ్చింది. ఆటో వెనక కూర్చున్న ఆడమనిషి నోరు తెరిచి అరవడం కనిపించింది, అరుపు మాత్రం వినబడలేదు. ఆటో దాటిపోయింది. మధ్యలో జానెడు సందు ఉందేమో.

బస్సు రోడ్డు పక్క మట్టిలో ఆగింది. ఒక శనగ బస్తా జారి నడవలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. 'తాగినాడా?' అని ఒకరు. 'నిద్ర పోయినాడు' అని ఇంకొకరు. కొందరు 'పోనీ, పోనీ, ఇప్పటికే లేటు' అన్నారు.

బాషా గేరు వేశాడు. క్లచ్చి మీద కాలు పెట్టి, అలవాటు ప్రకారం ఆగాడు. కండక్టరు రైట్ చెప్పనిదే బస్సు కదలదు. డ్రైవరు ఎంత సీనియరైనా, కండక్టరు నిన్న చేరిన పిల్లయినా అంతే.

రైట్ రాలేదు.

"రైట్ చెప్పు జీవితా."

"చెప్పను."

బాషా వెనక్కి తిరిగాడు. ఆమె నడవ మధ్యలో నిలబడి ఉంది. ఈల ఇంకా పిడికిట్లోనే ఉంది. ముఖంలో రక్తం లేదు.

"జనం అరుస్తాండారు. రైట్ చెప్పు."

"అరవనీ. నువ్వు కిందికి దిగు."

*

బస్సు వెనక్కి వెళ్లారు. అక్కడ పోస్టరు ఉంది. భయాన్ని జయించండి. జీవిత దాని పక్కనే నిలబడింది.

"చెప్పన్నా."

"ఏం లేదు. కాలు జారింది."

"ఏం లేదా? నాలుగు నెలల్నించి బండల లారీ కనపడితే బస్సు ఎద్దులబండి అయిపోతాంది. జోకులేసి నవ్వించినా, నువ్వే చెప్తావులే అనుకున్నా. ఏం లేదంటావా?"

బాషా తల దించుకున్నాడు.

"ఆ పొద్దు నేనూ ఈ బస్సులోనే ఉండా," అంది జీవిత. గొంతు తగ్గింది. "ఆ క్యారియర్ ఎత్తి పక్కన పెట్టింది ఎవరనుకుంటాండావు? నాకు రెండు వారాలు అన్నం మూత తీయాలంటే భయం. మా అమ్మ వరమ్మ ఒడిలో తల పెట్టి ఏడిసినా. చర్చిలో ఏడిసినా. నీకు చెప్పబోతే నువ్వు రేడియేటర్లో నీళ్ల సంగతి ఎత్తుకున్యావు. నువ్వు ఎవరికి చెప్పుకున్యావన్నా?"

ఎవరికీ చెప్పలేదు. పక్కపక్కన నాలుగు నెలలు ప్రయాణం చేసి, ఒక్క మాట అనుకోలేదు. బాషా జేబులోంచి నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. ఆమె ఇరవై ఒకటో పేజీ చదివింది. పోస్టరు వైపు చూసింది.

"ఈ అప్ప నీకు దీన్ని దాటమన్యాడా? అంతా తెలిసే?"

"తెలీదు. అన్నీ లేదని రాసినా."

జీవిత పుస్తకం మూసి అతని చేతికిచ్చింది. తర్వాత ఫోను తీసింది. "డిపో కంట్రోలరుకు చెప్పాల. వెనక బస్సులో జనాన్ని ఎక్కించాల. ఏమని చెప్పేది?"

"బ్రేకు పట్టలేదని చెప్తాం," అన్నాడు బాషా. మాట ఎంత తొందరగా వచ్చిందో అతనికే తెలియలేదు. "ఎవరూ ఏమీ అనరు. బండన్నాక జరుగుతాయి."

"పొద్దున బ్రేకు చూసి సంతకం పెట్టినోడు ఎవరు?"

అబ్రార్. పెళ్లయి ఆరు నెలలు. రోజూ మామా అని పిలిచేవాడు.

నలభై రెండు మంది ప్రాణాల సంగతి, జనం అడుగుతారు. సంతకం ఎవరిదని చూస్తారు. బ్రేకు బాగానే ఉందని తేలేలోపల అబ్రార్ గేటు బయట ఉంటాడు. లేదంటే తేలనే తేలదు.

బాషా ఫోను తీసుకున్నాడు. వేళ్లు మళ్లీ చల్లబడ్డాయి. ఈసారి ముందు లారీ లేదు.

"కంట్రోలర్ సార్, కమాల్ బాషాను. జమ్మలమడుగు ముందర బస్సు ఆపినా."

"ఏమైందప్పా? బ్రేకా?"

ఆయనే అడిగాడు. అవునంటే చాలు.

"బస్సు బాగుంది సార్," అన్నాడు బాషా. "నాకే బాగలేదు. నేను దీన్ని నడపలేను. వేరే డ్రైవర్ను పంపండి."

అవతల కాగితాల చప్పుడు. "జొరమా?"

"కాదు సార్. వచ్చి చెప్తా. అంతా చెప్తా."

*

వెనక వచ్చిన బస్సులో జమ్మలమడుగు చేరి, డిపోకు పోయేముందు బాషా ఐడీ కార్డు వెనకనుంచి చీటీ తీశాడు. థెరపిస్టు గది ఒక క్లినిక్కు వెనక భాగంలో ఉంది. బెంచీ మీద కూర్చుని బాషా నవీన్ కుమార్‌కు ఫోను చేశాడు. జరిగింది చెప్పాడు, నాలుగు నెలల కింద జరిగింది కూడా.

"అన్నా," అన్నాడు అవతలి మనిషి. "ఆ ఫారంలో ఒక్కటి ఉందని రాసింటే ఆ రోజే మిమ్మల్ని ఇంకొకరి దగ్గరికి పంపేటోణ్ణి. నాది ఆ చదువు కాదన్నా. పన్నెండు లేదులు చూసినప్పుడన్నా నాకు అనుమానం రావాల్సింది. పన్నెండూ లేనోడు మేడ ఎక్కి నా దగ్గరికి ఎందుకొస్తాడు?" మళ్లీ తనే అడిగాడు. "ఆటోలో వాళ్లకేం కాలేదు గదా?"

"కాలేదు."

"దేవుడున్నాడు," అన్నాడు నవీన్ కుమార్.

లోపల జెస్సికా, నలభై దాటిన మనిషి, ఒక కాగితం, పెన్ను ఇచ్చింది. "ముందు ఇది నింపండి. తర్వాత మాట్లాడుకుందాం."

మళ్లీ ప్రశ్నలు. నిద్ర పట్టక ఇబ్బంది ఉందా? లేదు. గుండె దడ? లేదు. ప్రమాదం ఏదైనా చూశారా? లే...

పెన్ను ఆగింది. చూసుకున్నాడు. చెయ్యి రెండున్నర అబద్ధాలు రాసేసింది. ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన రాశాడు. ఉంది. ఉంది. చూసినాను. మూడో దాని దగ్గర అక్షరాలు వంకర పోయాయి.

"అంతా కొట్టేతలే మేడం. ఇంకో కాగితం ఇస్తారా?"

"వద్దు. ఇదే ఉండనీండి." ఆమె కాగితం తీసుకుంది. నోటుపుస్తకం కూడా చూసింది. బాషా సిగ్గుపడ్డాడు. ఆమె నవ్వలేదు.

"ట్రాక్టర్లు దాటినారు గదా, అది ఊరికే పోదు. దాచుకోండి. కానీ మీ ఇబ్బంది లారీతో కాదు, ఆ రోజుతో. దాన్ని మెల్లగా, ఇక్కడ కూర్చుని, ఇద్దరం కలిసి చూడాల. రోడ్డు మీద కాదు."

"ఎన్ని రోజులు?"

"ఇరవై ఒకటి అని చెప్పలేను."

అతను అడగవలసింది అది కాదు. అసలుది ఇప్పుడు అడిగాడు. "నా స్టీరింగు పోతాదా మేడం?"

"తెలీదు," అంది జెస్సికా. "కొన్నాళ్లు బస్సు నడపొద్దని మాత్రం నేను చెప్తాండా. డిపోకు ఏం చెప్పాల, ఎంత చెప్పాల అనేది మీరూ నేనూ కూర్చుని రాద్దాం. మీరు సరేనంటేనే పంపేది. తర్వాత వాళ్ల డాక్టరు చూస్తాడు. మీరు మళ్లీ ఎక్కుతారని ఈ పొద్దు మాటివ్వలేను."

పోదని చెప్తుందేమోనని ఆశపడ్డాడు. చెప్పలేదు. అయినా ఆ కుర్చీలోంచి లేవాలనిపించలేదు.

"మొదటి నుంచి చెప్పండి," అంది ఆమె. "ఆ పొద్దు బస్సు ఎక్కేముందు ఏం తిన్యారు?"

*

సాయంత్రం నాలుగింటికి పులివెందుల నుంచి తిరిగి వచ్చిన బస్సు జమ్మలమడుగు స్టాండులో ఆగింది. అతని బస్సే. స్టీరింగు దగ్గర వేరే మనిషి. జీవిత ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉంది.

"ఎక్కన్నా. టికెట్టు అడగనులే. స్టాఫు."

బాషా ఎక్కాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. పదహారేళ్లలో ఈ బస్సులో అతనికి ఒకే సీటు. వెనక వరసకు వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని దిల్షాద్‌బీకి ఫోను చేశాడు.

"పోయినావా?" అని మాత్రమే అడిగింది ఆమె.

"పోయినా. మంగళవారం మళ్లీ రమ్మనింది."

"నేనూ వస్తా."

"రా."

జీవిత వెనక్కి చూసింది, అతను కూర్చున్నాడో లేదోనని. తర్వాత బస్సు పక్కను అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్! రైట్!"

ఊరు దాటిన కాసేపటికి ముందు ఏదో బరువు బండి కనిపించింది. అంత వెనకనుంచి అది బండల లారీయో కాదో తెలియదు. బాషా కుడికాలు దానంతటదే లేచి, కింద లేని బ్రేకును గట్టిగా తొక్కింది.

ముందు కూర్చున్న మనిషి, తన పని తాను చూసుకుంటూ, అసలు బ్రేకు తొక్కాడు. బస్సు నెమ్మదించింది.